ఆమె పనికి లెక్క ఎవరు కట్టారు?

కూలి, జీతం, ఇంటిచాకిరీ విషయంలో న్యాయం కోసం ఆడవాళ్లు ఏం చేశారన్నదాని మీద ఈ నెల చాలా ఉత్తరాలొచ్చాయి. ఊరేగింపుల ఫొటోలు అందరూ చూసినవే. ఆ ఊరేగింపులకు ముందు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుని చేసిన పని మాత్రం తక్కువమందికి తెలుసు. అందుకే జవాబుల్లో దానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: 1857లో న్యూయార్క్ బట్టల మిల్లుల ఆడవాళ్లు చేసిన సమ్మెకు గుర్తుగానే మార్చి 8న మహిళా దినోత్సవం వచ్చిందని వ్యాసంలో రాశాను. మా లెక్చరర్ కొట్టేశారు. ఏది నిజం?
– ఒక డిగ్రీ విద్యార్థిని

మీ లెక్చరర్‌దే సరైన మాట. ఆ 1857 సమ్మెకు చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఆ కథ 1950లలో ఫ్రాన్స్‌లో ప్రచారంలోకి వచ్చింది. జరిగిన వరస ఇది. 1909 ఫిబ్రవరి 28న అమెరికాలో సోషలిస్టు పార్టీ మొదటిసారి మహిళా దినం జరిపింది. 1910లో కోపెన్‌హేగన్‌లో జరిగిన సోషలిస్టు మహిళల మహాసభలో జర్మనీ నాయకురాలు క్లారా జెట్కిన్, మరికొందరు కలిసి దాన్ని అన్ని దేశాల్లో జరపాలన్నారు కానీ తేదీ ఖాయం చేయలేదు. 1911లో యూరప్‌లో మార్చి 19న జరిపారు. మార్చి 8 స్థిరపడింది 1917 వల్ల. రష్యా పాత క్యాలెండరులో ఫిబ్రవరి 23, మన లెక్కలో మార్చి 8. ఆ రోజు పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం, యుద్ధం ఆపాలని పని వదిలి వీధుల్లోకొచ్చారు. వారం తిరిగేసరికి జార్ గద్దె దిగాడు. వ్యాసంలో 1857 తీసేసి 1917 పెట్టండి, పేరా బలపడుతుంది కూడా.

ప్రశ్న: లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ సమ్మెను అనీ బిసెంట్ నడిపిందని చదివాం. ఒక్క వ్యాసంతో అంత పెద్ద సమ్మె ఎలా లేచింది?
– ఒక ఉపాధ్యాయుడు

బిసెంట్ పాత్ర పెద్దదే. కానీ సమ్మె మొదలుపెట్టింది ఆమె కాదు. 1888 జూన్ 23న తన పత్రిక ‘ది లింక్’లో ఆమె రాసిన వ్యాసం ఆ కంపెనీ అగ్గిపెట్టెలు కొనొద్దని పాఠకులకు చెప్పడానికి. పని ఆపమని అందులో లేదు. కంపెనీవాళ్లు కోపంతో, వ్యాసంలో ఉన్నదంతా అబద్ధమని రాసిన కాగితం తెచ్చి సంతకాలు చేయమన్నారు. అమ్మాయిలు చేయలేదు. ఒక అమ్మాయిని పనిలోంచి తీసేశారు. జులై మొదటి వారంలో దాదాపు 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు బయటికొచ్చేశారు. రెండోరోజు ఓ 200 మంది నడుచుకుంటూ బిసెంట్ ఆఫీసుకే వెళ్లారు. సారా చాప్‌మన్ వంటి కార్మికులతోనే సమ్మె కమిటీ ఏర్పడింది.

ఆ వ్యాసం ఎందుకంత పదునుగా తగిలిందో చూడండి. అందులో జాలి మాటలకన్నా అంకెలెక్కువ. పదహారేళ్ల పిల్ల పీసు రేటు మీద పనిచేస్తే వారానికి 4 షిల్లింగులు. కాళ్లు మురికిగా ఉంటే 3 పెన్నీలు జరిమానా. బల్ల మీద కాలిన పుల్లలుంటే 1 షిల్లింగు. షిల్లింగంటే 12 పెన్నీలు. అంటే బల్ల మీద కాలిన పుల్లలున్న పాపానికి ఆ పిల్ల వారం కూలిలో నాలుగో వంతు పోయినట్టు. పక్కనే కంపెనీ వాటాదారులకు పంచిన డివిడెండు 20 శాతానికి పైన. ఈ రెండూ ఒకే పేజీలో కనబడ్డాక చదివినవాళ్లకు ఇంకేం చెప్పాలి?

సమ్మె రెండు వారాలు కూడా సాగలేదు. జరిమానాలు రద్దయ్యాయి. రంగుకు, బ్రష్షులకు కూలిలో కోసుకునే అలవాటు ఆగింది. గోడు ఫోర్‌మన్‌తో కాకుండా నేరుగా పైవాళ్లకు చెప్పుకునే వీలొచ్చింది. తినడానికి వేరే గది ఒప్పుకున్నారు. ఈ ఆఖరిది చిన్న కోరికలా అనిపిస్తుంది గానీ ప్రాణాలతో ముడిపడినది. తెల్ల భాస్వరం తగిలిన చేతులతో, ఆ పొగలోనే కూర్చుని తింటే దవడ ఎముక కుళ్లిపోయేది. ఆ భాస్వరం వాడకాన్ని నిషేధిస్తూ బ్రిటన్ చట్టం చేసేసరికి 1908 వచ్చింది. అంటే సమ్మె కూలి సమస్యను తీర్చింది, విషాన్ని ఆపలేకపోయింది. ఈ తేడా పిల్లలకు తప్పక చెప్పండి.

ప్రశ్న: ఒకే పనికి ఒకే జీతం ఇవ్వాలని చట్టాలున్నాయి కదా. అయినా ఆడవాళ్ల సగటు జీతం ఎందుకు తక్కువ? మా సంఘంలో జీతాల గ్రేడులు తిరగరాయిస్తున్నారు, మేం ఏం చూసుకోవాలి?
– ఒక కార్మిక సంఘ కార్యకర్త

ఒకే పని అన్న మాట దగ్గరే మెలిక ఉంది. ఆడవాళ్లు ఒక గదిలో, మగవాళ్లు ఇంకో గదిలో వేర్వేరు పనులు చేస్తుంటే పోల్చడానికి ‘ఒకే పని’ ఎక్కడ దొరుకుతుంది? అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందం ‘ఒకే పని’ అనలేదు, ‘సమాన విలువ గల పని’ అంది. ఈ తేడా ఎంత ఖరీదైనదో డాగెన్‌హామ్ ఆడవాళ్లను చూస్తే తెలుస్తుంది.

1968 జూన్ 7న ఇంగ్లండ్‌లో డాగెన్‌హామ్ ఫోర్డు ఫ్యాక్టరీలో కారు సీట్ల కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు మిషన్లు ఆపారు. వాళ్లకు రెండు అన్యాయాలు. ఒకటి, కొత్త గ్రేడుల్లో వాళ్ల కుట్టుపనిని నైపుణ్యం తక్కువైన ‘బి’లో పడేశారు; వాళ్లడిగింది ‘సి’. రెండు, ఆ ‘బి’లో కూడా మగవాళ్ల రేటులో 85 శాతమే ఇచ్చేవారు. సీటు కవరు లేకుండా కారు బయటికి పోదు కాబట్టి కొద్దిరోజుల్లోనే కార్ల తయారీ నిలిచిపోయింది. మూడు వారాల తర్వాత మంత్రి బార్బరా కాజిల్ వాళ్లను పిలిచి మాట్లాడింది. 85 శాతం 92 అయింది. 1970లో సమాన వేతన చట్టమొచ్చింది. అందరూ ఇక్కడితో కథ ముగిస్తారు. కానీ వాళ్లు మొదట అడిగిన ‘సి’ గ్రేడు రాలేదు. దానికోసం 1984లో మళ్లీ ఆరు వారాలు సమ్మె చేయాల్సి వచ్చింది. పదహారేళ్ల పాటు వాళ్ల చేతి పనితనం కాగితం మీద తక్కువ నైపుణ్యంగానే మిగిలింది.

ఆ 1970 చట్టంలోనూ కంత ఉంది. అమలుకు 1975 డిసెంబరు దాకా గడువిచ్చారు. ఆ ఐదేళ్లలో ఆడవాళ్ల పనులను మగవాళ్ల పనుల నుంచి విడగొట్టి కొత్త పేర్లు పెట్టుకునే సందు యజమానులకు దొరికింది. సమాన విలువ అడిగే హక్కు బ్రిటన్‌లో 1984 జనవరి 1 నుంచే వచ్చింది. దానిమీద మొదటి గెలుపు ఓడల యార్డులో వంటమనిషి జూలీ హేవర్డ్‌ది. తన పనిని అక్కడి పెయింటరు, వడ్రంగి పనులతో పోల్చి 1988లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి గెలిచింది.

ఇక మీ గ్రేడుల సంగతి. పనికి విలువ కట్టే పద్ధతిలో నాలుగు అంశాలుంటాయి: నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు. ఒక్కోదానికి గరిష్ఠ మార్కులు పెట్టి ప్రతి పనికీ మార్కులేస్తారు. ఊహించిన లెక్క ఒకటి చూడండి. మొత్తం 100లో నైపుణ్యానికి 40, శ్రమకు 20, బాధ్యతకు 30, పరిస్థితులకు 10 అనుకుందాం. గోదాములో పెట్టెలు మోసేవాళ్లకు వరసగా 15, 18, 12, 7 వేస్తే మొత్తం 52. సన్నని తీగలు అతికే లైనులో పనిచేసే ఆడవాళ్లకు 22, 6, 14, 3 వేశారు, మొత్తం 45. గ్రేడు కింద పడింది.

ఇప్పుడు ఆ ‘శ్రమ 6’ ఎక్కణ్నుంచి వచ్చిందని అడగండి. ఫారంలో శ్రమ అంటే ఎత్తిన బరువొక్కటే రాశారు. రోజంతా మెడ వంచి, భూతద్దం లైటు కింద చూపు తిప్పకుండా, నిమిషానికి ఇన్ని అతుకులని వేళ్లాడించడం దాంట్లో లేదు. అది చేర్చి మళ్లీ వేస్తే శ్రమ 14. అతుకుల పొగ పీల్చడం చేరిస్తే పరిస్థితులు 5. మొత్తం 55. ఆడవాళ్ల పని మారలేదు, ఫారం మారిందంతే.

కాబట్టి మార్కులు వేశాక గొడవపడి లాభం తక్కువ. ఫారం రాసేటప్పుడే కూర్చోండి. కమిటీలో ఆ పని చేసే ఆడవాళ్లే సగం మంది ఉండాలి, సూపర్‌వైజరు చెప్పిన వివరణ సరిపోదు. ఒక్కో పనిని కనీసం ముగ్గురు చేస్తుండగా చూసి రాయాలి, ఉన్న జీతం ఎంతో మార్కులు వేసేవాళ్లకు చెప్పకూడదు. చెబితే తెలియకుండానే జీతానికి తగ్గట్టు మార్కులు పడతాయి. మనుషుల బాధ్యత (రోగులు, పిల్లలు, వృద్ధులు) డబ్బు బాధ్యతతో సమానంగా ఉందో లేదో చూడండి. ఒకే గుణాన్ని రెండు పేర్లతో రెండుసార్లు లెక్కేయడం ఇంకో పాత లోపం. ‘కండబలం’, ‘బరువు ఎత్తడం’ అని వేరువేరుగా ఉంటే ఒకటి కొట్టేయించండి. నాలుగు అంశాలకు గరిష్ఠాలు ఎంతెంతన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి. సగం అన్యాయం అక్కడే జరిగిపోతుంది.

గెలిచాక కూడా కాపలా ఉండాలి. న్యూజిలాండ్‌లో వృద్ధుల సంరక్షణలో 20 ఏళ్లకు పైగా పనిచేసిన క్రిస్టీన్ బార్ట్‌లెట్ కేసు వల్ల 2017లో 55,000 మంది సంరక్షణ కార్మికులకు ఐదేళ్లలో 200 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల ఒప్పందం కుదిరింది. 2025 మేలో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, ఇలాంటివే నడుస్తున్న 33 దావాలను ఒక్క దెబ్బతో ఆపేసింది.

ప్రశ్న: ఐస్‌లాండ్‌లో ఆడవాళ్లు ఒకసారి సరిగ్గా మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకు పని ఆపేశారట. ఆ 8 నిమిషాలేమిటి?
– ఒక బ్యాంకు ఉద్యోగిని

చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ 8 నిమిషాలు ఉత్త గుర్తు కాదు, కట్టిన లెక్క. ముందు 1975 అక్టోబరు 24. ఆ రోజు ఐస్‌లాండ్ ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఉద్యోగమూ ఇంటిపనీ రెండూ మానేశారు. ‘సమ్మె’ అంటే కొందరు వెనకాడతారని, ఉద్యోగాలకు ముప్పని ‘సెలవు రోజు’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడంలోనే సగం గెలుపుంది. రెండు లక్షల ఇరవై వేల జనాభా ఉన్న దేశంలో ఒక్క రెక్యావిక్ సభకే 25,000 మంది వచ్చారు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు పోయారు. మరుసటి ఏడాదే సమాన హక్కుల చట్టం వచ్చింది.

2005లో అదే తేదీన లెక్క ఇలా కట్టారు. పనిరోజు 9 నుంచి 5 దాకా, 8 గంటలు, అంటే 480 నిమిషాలు. ఆడవాళ్ల సగటు ఆదాయం మగవాళ్ల సగటులో 64 శాతం పైచిలుకు. 480లో అంత శాతం 308 నిమిషాలు, అంటే 5 గంటల 8 నిమిషాలు. 9కి కలిపితే 2:08. ఆ తర్వాత రోజంతా జీతం లేకుండా చేస్తున్నట్టే అని లేచి వెళ్లిపోయారు. 2010లో ఆ గడియారం 2:25 చూపించింది, 2016లో 2:38. పదకొండేళ్లలో అరగంట కదిలింది.

మీ ఆఫీసుకు కూడా కట్టొచ్చు. ఆడవాళ్ల సగటు 30 వేలు, మగవాళ్లది 40 వేలైతే 75 శాతం, 360 నిమిషాలు, మధ్యాహ్నం 3 గంటలు. ఒక్క జాగ్రత్త. ఐస్‌లాండ్ లెక్క మొత్తం ఆదాయం మీద కట్టినది, గంట రేటు మీద కాదు. ఆమె రోజుకు 6 గంటలు గంటకు 100 చొప్పున, అతను 8 గంటలు 110 చొప్పున చేస్తే గంట లెక్కలో తేడా 9 శాతమే. రోజు సంపాదనలో 600కి 880, తేడా దాదాపు 32 శాతం. రెండూ నిజాలే. మొదటిది యజమాని రేటును చెబుతుంది, రెండోది ఆమె మిగతా రెండు గంటలు ఎక్కడ ఖర్చయ్యాయో అడుగుతుంది. ఏది వాడుతున్నారో ముందే చెప్పకపోతే అవతలివాళ్లు ఇంకో అంకె పట్టుకొచ్చి మీ అంకెను అబద్ధం చేసేస్తారు.

ప్రశ్న: ఇంటిపనిని దేశ ఆదాయంలో ఎందుకు కలపరు? మా మహిళా బృందం ఇంటిపని గంటలు రాసి చూడాలనుకుంటోంది. ఎలా రాయాలి?
– ఒక గృహిణి

న్యూజిలాండ్ మాజీ ఎంపీ మారిలిన్ వేరింగ్ 1988లో పుస్తకం రాసి ప్రపంచాన్ని నిలదీసింది ఈ ప్రశ్నతోనే. జాతీయ లెక్కలు ప్రధానంగా అమ్మకానికి వచ్చే పనినే చూస్తాయి. ఇంట్లో ఇంటివాళ్ల కోసం చేసే సేవ వాటిలోకి రాదు. ఏది పని, ఏది కాదు అని తేల్చడానికి మార్గరెట్ రీడ్ 1934లోనే ఒక కొలబద్ద ఇచ్చింది: డబ్బిచ్చి ఇంకొకరి చేత చేయించగలిగితే అది పని. పిల్లవాణ్ని స్నానం చేయించడం పని, మీరు నిద్రపోవడం పని కాదు. 64 దేశాల సర్వేలతో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం జీతం లేని సంరక్షణ పనిలో 76 శాతం ఆడవాళ్లదే: రోజుకు ఆమెకు 4 గంటల 25 నిమిషాలు, అతనికి 1 గంట 23 నిమిషాలు.

మీరు రాసేటప్పుడు రోజును తెల్లవారుజామున 4కి మొదలుపెట్టి మర్నాడు 4కి ముగించండి. అర్ధరాత్రి నుంచి రాస్తే రాత్రి పని రెండు ముక్కలవుతుంది. అరగంటకో గడి, మొత్తం 48 గడులు. ప్రతి గడికీ రెండు వరసలుండాలి: ముఖ్యంగా చేసింది ఒకటి, దాంతోపాటు చేసింది ఇంకొకటి. ఈ రెండో వరస లేకపోతే పిల్లను చూసుకుంటూ వంట చేసిన గంటలో పిల్ల మాయమైపోతుంది. ఒక మామూలు రోజు, ఒక సెలవు రోజు, రెండూ రాయించండి. ఏ పూటకాపూట రాయాలి. రాత్రికి గుర్తు తెచ్చుకుని రాస్తే నీళ్లు పట్టడం, బట్టలు మడతపెట్టడం లాంటి ఐదు, పది నిమిషాల పనులన్నీ జారిపోతాయి. మగవాళ్ల గంటలు కూడా వాళ్లే రాయాలి, ఆడవాళ్లు అంచనా వేయకూడదు.

సగటు తీసేటప్పుడు ఒక ఉచ్చుంది. భారత ప్రభుత్వ 2019 సర్వేలో ఇంటిపని ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 అని వచ్చింది. ఆ 97 మగవాళ్లందరి సగటు కాదు, ఆ రోజు ఇంటిపని ముట్టుకున్నవాళ్ల సగటు. అలాంటి మగవాళ్లు 26 శాతమే. అందరికీ పంచితే 25 నిమిషాలు. ఆడవాళ్లలో 81 శాతం చేశారు కాబట్టి వాళ్ల అంకె 243కే తగ్గుతుంది. మీ కాగితం మీద రెండు సగటులూ వేయండి.

గంటలకు డబ్బు విలువ కట్టడం తర్వాతి మెట్టు. ఆ పనిని పనిమనిషికిస్తే ఎంతవుతుందని ఒక పద్ధతి, ఆమె అదే సమయంలో బయట ఎంత సంపాదించేదని ఇంకో పద్ధతి. రెండోది వాడితే చదువుకున్నావిడ తోమిన గిన్నెకు ఎక్కువ, చదువుకోనావిడ తోమిన గిన్నెకు తక్కువ విలువ వస్తుంది. మా సలహా మొదటిదే.

ప్రశ్న: ఒకే యజమాని లేనివాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు సంఘంగా ఎలా నిలుస్తారు? ఎవరి మీద సమ్మె చేస్తారు?
– ఇంటిపనివాళ్లతో కలిసి పనిచేసే ఒక పాఠకురాలు

1881 జులైలో అమెరికాలోని అట్లాంటాలో దీనికి దారి చూపినవాళ్లు బట్టలుతికే నల్లజాతి ఆడవాళ్లు. ఇరవై మందితో సంఘం పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి మూడు వారాల్లో మూడు వేల మందయ్యారు. వాళ్ల పట్టు ఒక్క అంకె: డజను పౌన్ల బట్టకు 1 డాలరు. ఇంటికో బేరం కాకుండా ఊరంతటికీ ఒకే రేటు. కొందరిని అరెస్టు చేసి జరిమానాలేశారు. నగర కౌన్సిలు బెదిరింపుగా మనిషికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు పెడతామంది. వాళ్లు మేయరుకు ఉత్తరం రాశారు: ఫీజు కడతాం, అయితే ఊరి బట్టలుతికే హక్కు, రేటు రెండూ మా చేతిలోనే ఉంటాయి అని. కౌన్సిలు ఆ ఫీజు మాటే వదిలేసింది.

అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే కార్మిక నాయకురాలు 1972లో ‘సేవా’ను (స్వయం ఉపాధి మహిళల సంఘాన్ని) రిజిస్టరు చేయబోతే, యజమానే లేనప్పుడు యూనియన్ ఎవరి మీద అని అడ్డు చెప్పారు. యూనియన్ ఒకరికి వ్యతిరేకంగా కాదు, సభ్యుల ఐక్యత కోసమని వాదించి గెలిచారు. అంతకుముందు బట్టల బజారులో తలమోత ఆడకూలీలకు తక్కువ ఇస్తున్నారని ఆమె పత్రికలో రాస్తే, వర్తకులు మేం సరైన రేటే ఇస్తున్నామని ప్రకటించుకున్నారు. ఆ ప్రకటననే కార్డుల మీద అచ్చేయించి కూలీల చేతిలో పెట్టారు. బేరం దగ్గర ఆ కార్డు చూపిస్తే చాలు. 1974లో తలా 10 రూపాయల వాటాతో 4,000 మంది కలిసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రానివాళ్లకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డే సంతకమైంది.

మీ చోట మొదలుపెట్టాల్సింది కూడా రేటుకార్డుతోనే. పనుల పేర్లు, మనుషుల సంఖ్య, వారపు సెలవు, అదనపు పనికి ఎంత, అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. సంఘంలో ఎక్కువమంది ఒప్పుకోకముందే రేటు ప్రకటిస్తే తక్కువకు వచ్చేవాళ్లతో పని పోతుంది, సంఘం మీద నమ్మకమూ పోతుంది. ఎక్కడ కలవాలంటే, వాళ్లు ఎలాగూ కలిసే చోట. అట్లాంటాలోనే 1968లో ఇంటిపనివాళ్ల సంఘం పెట్టిన డొరతీ బోల్డెన్, పనివాళ్లు ఎక్కే సిటీ బస్సులెక్కి వాళ్లతో మాట్లాడేది. సభ్యులందరూ ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవాలన్నది ఆమె పెట్టిన షరతు. అమెరికాలో కనీస వేతన చట్టం 1938లో వచ్చింది. దాని కోసం పాటుపడిన మొదటి మహిళా కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ హయాంలోనే ఇంటిపనివాళ్లనూ పొలం కూలీలనూ చట్టం బయట ఉంచారు. ఇంటిపనివాళ్లు అందులోకి వచ్చింది 1974లో.